వార్తల వెంట ఇంగ్లీషు మాటలు



నేటి నా ప్రసంగ విషయమును ఇంగ్లీషువారు 'కరెంట్ అఫైర్స్' అందురు. ఈ మాట వినగానే మీలో కొందరికి కరెంటు స్తంభములు, మోటారు పంపులు, రాత్రివేళ వచ్చి పోవు త్రీఫేజు సరఫరా జ్ఞప్తికి వచ్చుట సహజము. మా గ్రామమున నొక రైతు నిజముగనే నన్నిట్లడిగెను: "పంతులుగారూ, కరెంటు సంగతులు చెప్పుటకు మీరెందుకండీ, లైనుమాను చాలడా?" నవ్వదగిన మాటయే, కాని ఆయనయందు దోషము లేదు. 'కరెంట్' అను పదము పరుగెత్తుట అను నర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది. దానికి ప్రవాహమని ముఖ్యార్థము. ఏటిలో పారు నీటి వడి కరెంటు. తీగలో పారు విద్యుత్తు కరెంటు. కాలమునందిప్పుడు పారుచున్న సంగతులు కరెంట్ అఫైర్స్. మనము తెలుగులో ఆ మాటను విద్యుత్తునకు మాత్రమే పరిమితము చేసికొంటిమి. మూల మొకటి తెలిసినంతనే మూడర్థములు వశమైనవి కదా! జరుగుచున్న వార్తల వెంట నడచుచు నిత్యవ్యవహారమునకు వలసిన ఇంగ్లీషు మాటలను ఇట్లే నేర్చుకొనవచ్చునని మనవి చేయుటయే నేటి నా యుద్దేశము.

"ఈ వయస్సున మాకు ఇంగ్లీషెందుకు? మేము ఉద్యోగములు చేయవలెనా, దేశాంతరములు పోవలెనా?" అని మీరడుగవచ్చును. దానికి సమాధానముగ నొక్క సంగతి చెప్పుదును. కోవిడ్ మహమ్మారి ప్రబలియున్న 2021వ సంవత్సరమున మా వీధిలోని యొక వృద్ధునకు పరీక్ష చేసిరి. మరునాడు ఫోనులో ఫలితము వచ్చెను. అందు 'నెగటివ్' అని యుండెను. నెగటివ్ అనగా చెడ్డదని ఆయన అదివరకు వినియుండెను. వ్యాధి తనకు సోకినదని నిశ్చయించుకొని, ఇంటివారికి భయము కలిగింపరాదని నోరు మెదపక, రెండు దినములు గొడ్లసావిడిలో నొంటరిగా పండుకొనెను. పట్టెడన్నమైనను సరిగ ముట్టలేదు. మూడవనాడు మనుమరాలు ఆ ఫోను చూచి, "తాతయ్యా, నెగటివంటే రోగం లేదని!" అని చెప్పినపిమ్మట ఆయన ముసిముసి నవ్వులతో లోనికి వచ్చెను. పరీక్షలలో పాజిటివ్ అనగా వెదకిన వస్తువు కనబడినదని యర్థము. నెగటివ్ అనగా కనబడలేదని యర్థము. వెదకినది రోగమైనప్పుడు కనబడకుండుటయే మేలు. ఈ రెండు మాటల భేదము తెలియకపోవుటచేత నొక నిండు ప్రాణము రెండు రాత్రులు నలిగిపోయినది. కనుక ఇంగ్లీషు గొప్ప కొరకు గాదు, మన మనశ్శాంతి కొరకు కొంత కావలెను.

ఇది మనకు నూతనమైన కష్టమును గాదు. మన తాతముత్తాతలు నవాబుల కాలమున కచేరీకి పోయినప్పుడు జమాబందీ, రసీదు, వకీలు, దస్తావేజు, జామీను, జప్తు అను మాటలు వినవలసివచ్చెను. అవి పారసీ, అరబ్బీ భాషలనుండి వచ్చినవి. మన రైతులు పారసీ బడులకు పోయి వానిని నేర్వలేదు. పొరుగువాని యెడ్లు జప్తైననాడు జప్తనగా నేమో ఊరందరికిని బోధపడినది. సంగతి ముందు తెలిసినది. మాట దాని వెంట వచ్చినది. నేడవి అన్యభాషా పదములని కూడ మనకు తోచదు. తెలుగునకు మహోపకారము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, వ్యవహారమున తెలుగునందు కలిసిపోయిన ఇట్టి పదములనేరి, 1854లో ప్రత్యేకముగ నొక నిఘంటువునే ప్రకటించెను. నాడు పారసీ పదములు వచ్చిన త్రోవనే నేడు ఇంగ్లీషు పదములు వచ్చుచున్నవి. మనము నేర్వవలసిన పద్ధతియు మన పెద్దలదే: సంగతి ముందు, మాట తరువాత.

నేను బాల్యమున అమరకోశమును వల్లించినవాడను. అమరసింహుడు పదములను అకారాది క్రమమున కూర్పలేదు. ఆకాశ సంబంధమైనవి వ్యోమవర్గమున, జల సంబంధమైనవి వారివర్గమున, కృషి వర్తకములకు చెందినవి వైశ్యవర్గమున నుంచెను. ఒకే పదమునకు పలు అర్థములు గలిగినచో వానికొరకు నానార్థవర్గమును వేరుగ కల్పించెను. ఒక విషయమునకు చెందిన మాటలు ఒక్కచోట నుండుటచేత ఒకదాని చేయి పట్టుకొని మరియొకటి వచ్చును. ఇంగ్లీషు నేర్చుకొనుటకై బజారులో దొరకు చిన్న పుస్తకములలో పదములు వరుసగ అచ్చువేయబడియుండును. నేడు ముప్పది వల్లించినచో ఎల్లుండికి మూడు మిగులవు. వార్తాపత్రిక అట్లు కాదు. వర్షవార్తలు, ధరవరలు, న్యాయస్థానపు సంగతులు, ఎన్నికలు వేరువేరుగ నుండును. ఇదియు నొక వర్గకోశమే. పైగా దినదినము క్రొత్తది.

ఈ మార్గము నాకు తోచిన దినము నాకింకను జ్ఞాపకమున్నది. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి దివిసీమను ముంచెను. వేలకొలది జనులు మృతినొందిరి. అప్పుడు నేను సంస్కృతాంధ్రములు చదువుకొనుచున్న విద్యార్థిని. ఇంగ్లీషు అక్షరములు కూడబలుకుకొనుట మాత్రమే వచ్చును. తెలుగు పత్రికలో చదివిన ఘోరమునే, గ్రంథాలయపు బల్లమీదనున్న ఇంగ్లీషు పత్రికలో మరల చూచితిని. 'టైడల్ వేవ్' అను రెండు మాటలు పెద్ద యక్షరములతో నుండెను. నిఘంటువు చేతలేదు, చెప్పువారు లేరు. ఐనను అది ఉప్పెన యని నాకు తెలిసిపోయెను. ఆ మాట నా జన్మమున మరచునది కాదు. వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని 'స్టార్మ్ సర్జ్' అందురని పిదప తెలిసికొంటిని. మన తెనుగున 'ఉప్పెన' యని ఒక్క మాట యుండగా వారికి రెండు మాటలు కావలసివచ్చుట చూచి కొంత గర్వపడితిని కూడ.

కావున తుపాను వార్తతోనే మన పాఠమారంభింతము. సముద్రతీరమువారికి దీనికంటె పరిచితమైన విషయము లేదు. తెలుగు వార్తలలో మొదట అల్పపీడనమందురు. ఇంగ్లీషున అది 'లో ప్రెషర్ ఏరియా'. అది బలపడి, గాలి గంటకు సుమారు 31 మొదలు 50 కిలోమీటర్ల వేగముతో వీచినచో వాయుగుండము, ఇంగ్లీషున 'డిప్రెషన్'. 50 దాటి 61 వరకు తీవ్ర వాయుగుండము, 'డీప్ డిప్రెషన్'. 62 మొదలు 88 వరకు తుపాను, 'సైక్లోనిక్ స్టార్మ్'. అప్పుడే దానికి పేరు పెట్టుదురు. 89 మొదలు 117 వరకు తీవ్ర తుపాను. 'సివియర్ సైక్లోనిక్ స్టార్మ్'. ఆపైన 'వెరీ సివియర్' అనియు, అంతకు మించిన 'ఎక్స్‌ట్రీమ్‌లీ సివియర్' అనియు పెంచుకొనిపోవుదురు. ఇందు డీప్ అనగా లోతు, సివియర్ అనగా తీవ్రము, వెరీ అనగా మిక్కిలి. మెట్లు మనకు తెలిసినవే. మెట్ల పేర్లు మాత్రము క్రొత్తవి.

'సైక్లోన్' అను మాట కథ పండితులకు ముచ్చట గొల్పును. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను నాయన 1848లో నావికులకొరకు వ్రాసిన గ్రంథమున దీనిని కల్పించెను. సుడి తిరుగు గాలి కనుక, వలయమను నర్థముగల గ్రీకు పదమునుండి దానిని గ్రహించెను. ఆ గ్రీకు పదమును, మన సంస్కృత 'చక్ర' శబ్దమును ఒక తల్లి బిడ్డలే. బిడ్డలు త్రొక్కు సైకిలునకు గూడ మూలమదియే. ఆ గ్రంథమునకు తొమ్మిది సంవత్సరముల పూర్వము, 1839లో, మన గోదావరీముఖమునందలి కోరంగి రేవు ఇట్టి చక్రవాతముచేతనే నాశమైనది. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణముపై విరుచుకొనిపడిన 'హుద్‌హుద్' అను పేరు ఒమాను దేశమువారిచ్చినది. అది తలపై కుచ్చుగల యొక పక్షి పేరు. 2023 డిసెంబరు 5న బాపట్ల యొద్ద తీరము దాటిన తీవ్ర తుపానునకు 'మిచాంగ్' అను పేరు మయన్మారు వారిచ్చినది.

తీరము దాటుటను ఇంగ్లీషున 'ల్యాండ్‌ఫాల్' అందురు. నా శిష్యుడొకడు ల్యాండనగా నేల, ఫాలనగా పడుట, కనుక నేల కూలుట యని వ్రాసెను. విడి మాటల యర్థములను జతచేసినంత మాత్రమున సమాసార్థము రాదు. 'పీతాంబరుడు' అనగా పచ్చని బట్ట కాదు గదా, దానిని ధరించిన విష్ణువు. అట్లే ల్యాండ్‌ఫాలనగా సముద్రమునుండి వచ్చునది నేలను చేరుట. ఇట్టి సమాసములను వాక్యమున పెట్టి నేర్వవలెను గాని, విరిచి నేర్వరాదు.

ఇక 'డిప్రెషన్' అను మాట అమరుడున్నచో నానార్థవర్గమున చేర్చదగినది. క్రిందికి అణగుట అని దాని మూలార్థము. ఆకాశ విషయమున అది వాయుగుండము. వర్తక విషయమున 1929 పిమ్మట లోకమంతటను వ్యాపించినటువంటి ఆర్థికమాంద్యము. వైద్యుని యొద్ద ఆ మాటయే మనస్సు క్రుంగు వ్యాధి. పట్టణమున చదువుకొను మనుమడు "డిప్రెషన్" అని యన్నచో, బంగాళాఖాతమున వాన పుట్టినదని తలపరాదు. వాని ప్రక్కన కూర్చుండి కుశలమడుగవలెను, అవసరమైనచో వైద్యునకు చూపవలెను. మాట యే వర్గమున నున్నదో చూచియే యర్థము చెప్పవలెను.

హెచ్చరికలకు భారత వాతావరణ శాఖవారు నాలుగు రంగులు వాడుదురు. 'గ్రీన్' ఆకుపచ్చ, హెచ్చరిక లేదు. 'ఎల్లో' పసుపుపచ్చ, కనిపెట్టియుండుడు. 'ఆరెంజ్' నారింజ రంగు, సిద్ధముగా నుండుడు. 'రెడ్' ఎరుపు, ఆలసింపక కార్యమునకు దిగుడు. 'అలర్ట్' అనగా మెలకువ. 'హెవీ రెయిన్' అని యిష్టము వచ్చినట్లు వాడరు. ఇరువదినాలుగు గంటలలో సుమారు 64 మిల్లీమీటర్లు మించిన వాన హెవీ, 115 మించినది 'వెరీ హెవీ', 204 మించినది 'ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ'. 'ఎట్ ఐసొలేటెడ్ ప్లేసెస్' అనగా అక్కడొకటి ఇక్కడొకటిగా, ఏ కొద్ది చోట్లనో యని. ఇది తెలియనివాడు జిల్లాయంతయు మునుగునని భయపడును. లేక మన యూరికి చినుకైన రాలేదని శాఖవారిని తిట్టును. 'మే' అనగా కావచ్చును. 'లైక్‌లీ' అనగా అగుననుట సంభావ్యము. 'వెరీ లైక్‌లీ' అనగా మిక్కిలి సంభావ్యము. 'విల్' అనగా అగును. కోసిన వరిపనలు కుప్ప వేయవలెనా, కళ్ళములో నుంచవలెనా యని ఆలోచించువానికి ఈ నాలుగు మాటల భేదము ధాన్యమంత విలువ గలది.

తుపాను వెళ్ళినపిదప వచ్చు మాటలు మరికొన్ని. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకము 2016లో ఆరంభమైనది. అందు రైతు కట్టు సొమ్ము 'ప్రీమియం'. ఖరీఫు ఆహారపు పైరులకును నూనెగింజలకును బీమా మొత్తముపై నూటికి 2 రూపాయలు మించదు. నష్టమైనప్పుడు హక్కుగా కోరునది 'క్లెయిమ్'. ఇది యాచన కాదు, హక్కు. 'ఇంటిమేషన్' అనగా తెలియజేయుట. ఆ పథకము అమలునందున్నచోట, వడగండ్లవంటి స్థానికోపద్రవమున నష్టమైన రైతు 72 గంటలలోపల ఇంటిమేషన్ ఇయ్యవలెనని నిబంధన. ఈ యొక్క మాట తెలియక నాలుగవనాడు పోయినవాడు వట్టి చేతులతో తిరిగివచ్చును.

ఇప్పుడు వైద్యవర్గమునకు వత్తము. మనము 'ఐసొలేటెడ్' అను మాట నేర్చుకొంటిమి. దాని మూలము ద్వీపమను నర్థముగల లాటిను పదము. రోగిని ద్వీపమువలె వేరుచేసి యుంచుట 'ఐసొలేషన్'. 'క్వారంటైన్' అనగా ఇటలీవారి భాషలో నలువది దినములు. వెనీసు రేవునకు వచ్చిన ఓడలను పూర్వము మహామారి భయముచే నలువది నాళ్ళు దూరముగ నిలిపెడివారు. పురుటి దినములు, మైల దినములు లెక్కించు మనకు ఈ భావము వింత కాదు. 2020 మార్చి 25న దేశమంతట ఆరంభమైన 'లాక్‌డౌన్' అను మాట బడిమెట్లెక్కని ముదుసలికిని వచ్చును. 'వ్యాక్సిన్' అను మాటయో, ఆవు అను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. 1796లో ఇంగ్లండున జెన్నరు అను వైద్యుడు, గోవులకు వచ్చు పొక్కుల రసమును మనుష్యునకెక్కించి మశూచి రాకుండ చేయవచ్చునని చూపెను. గోమాతను పూజించు మనము ఆ మాటను మరచుటకు వీలులేదు.

ధనవర్గమున ప్రధానమైన మాట 'బడ్జెట్'. చిన్న తోలుసంచి యను నర్థముగల పాత ఫ్రెంచి పదమునుండి అది వచ్చినది. మంత్రి లెక్కల కాగితములను సంచిలో తెచ్చుటచేత సంచి పేరు లెక్కలకు వచ్చినది. 2019 జూలై 5న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు తోలుపెట్టె మాని, మన కోమటి చిట్టావలె నెర్రని బట్టలో చుట్టి పార్లమెంటునకు తెచ్చిరి. 'రెవెన్యూ' రాబడి, 'ఎక్స్‌పెండిచర్' వ్యయము, 'డెఫిసిట్' లోటు, 'సబ్సిడీ' ధరలో సర్కారు భరించు భాగము. సంఖ్యలయొద్ద మాత్రము జాగ్రత్త వలయును. మన దేశపు ఇంగ్లీషు పత్రికలు లక్షను 'లాక్' అనియు కోటిని 'క్రోర్' అనియు మన మాటలనే వాడును. విదేశ వార్తలలో 'మిలియన్' వచ్చును. అది పది లక్షలు. 'బిలియన్' నూరు కోట్లు. 'ట్రిలియన్' లక్ష కోట్లు. 2025 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్టు వ్యయము సుమారు 50 లక్షల కోట్లు దాటినది. దానినే విదేశీయుడు యాబది ట్రిలియనులకు పైబడినదనును. సొమ్మొకటే, కొలపాత్రలు వేరు.

ఎన్నికలవర్గము మీకు కంఠస్థమే. అర్థములు మాత్రము కొంచెము తుడిచి చూడవలెను. 'క్యాండిడేట్' అనగా తెల్లని వస్త్రము ధరించినవాడని రోమునగరపు మాట; అచ్చట పదవి కోరువారు తెల్లబట్టలతో వచ్చెడివారు. నేటికిని మన యభ్యర్థులా యాచారమును తప్పలేదు! 'డిపాజిట్' పోయినదందుము, చెల్లిన యోట్లలో ఆరవవంతునకు మించి రానిచో, గెలువని యభ్యర్థి కట్టిన ధరావతు తిరిగి రాదు. 2013 నుండి ఓటు యంత్రముపై నున్న 'నోటా' అనగా పైవారిలో నెవరును వద్దని చెప్పుట. 2013, 2014 సంవత్సరములలో మన రెండు రాష్ట్రముల ప్రజలును దినమున కిరువదిసార్లు 'బైఫర్కేషన్' అను మాట వినిరి. అందు 'బై' యనునది మన 'ద్వి' శబ్దమునకు చుట్టము. మిగిలినది పంగలకర్రను తెల్పును. అనగా పంగవలె రెండుగ చీలుట. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. మాట మాత్రము రెండు చోట్లను ఒక్కటిగనే మిగిలినది.

న్యాయవర్గమున నొక భేదము తప్పక తెలియవలెను. 'అక్యూజ్డ్' అనగా నేరము మోపబడినవాడు. 'కన్‌విక్టెడ్' అనగా విచారణ జరిగి న్యాయస్థానమున నేరము స్థిరపడినవాడు. 'అలెజ్డ్' అనగా అట్లని యారోపణ మాత్రమే, నిశ్చయము కాదు. పత్రికలో నొకని పేరు ప్రక్కన 'అక్యూజ్డ్' అని చూచి, రచ్చబండమీద వానిని దొంగయని నిర్ణయించి, వాని పిల్లకు వచ్చిన సంబంధమును వెనుకకు మరల్చిన పెద్దలను నేనెరుగుదును. తరువాత నాతడు నిర్దోషియని తీర్పు వచ్చెను. పోయిన సంబంధము తిరిగి రాలేదు. మాట తెలియని తప్పునకు ఆ పిల్ల దండనమనుభవించెను.

ఇక వాక్యముల సంగతి. మన క్రియ వాక్యాంతమున నుండును. వారి క్రియ నడుమ నుండును. "తుపాను తీరమును దాటెను" అందుము. వారు "ది సైక్లోన్ క్రాస్డ్ ది కోస్ట్" అందురు. తుపాను, దాటెను, తీరమును. ఈ సూత్రమొక్కటి పట్టుకొన్నచో సగము వాక్యములు విడివడును. శీర్షికలలో మరి రెండు చిక్కులు గలవు. జరిగిపోయిన దానిని జరుగుచున్నట్లు వ్రాయుదురు; "బస్ ఫాల్స్" అనగా బస్సు పడినదనియే. 'టు' అను చిన్న మాట వచ్చినచో జరుగబోవునది. "మినిస్టర్ టు విజిట్" అనగా మంత్రి రానున్నాడు.

చదువుటతో నాగక, నోట పలుకుటకును కొన్ని వాక్యములు చెప్పుదును. ఇవి ఐదు చాలును. "వాట్ డజ్ దిస్ వర్డ్ మీన్?" ఈ మాటకర్థమేమి? "ప్లీజ్ సే ఇట్ ఎగైన్." దయచేసి మరల చెప్పుడు. "ప్లీజ్ స్పీక్ స్లోలీ." మెల్లగ చెప్పుడు. "ఐ విల్ రీడ్ ఇట్ ఎట్ హోమ్." ఇంటియొద్ద చదువుకొందును. "ఐ విల్ నాట్ సైన్ నౌ." ఇప్పుడు సంతకము చేయను. ఈ కడపటి వాక్యమును అద్దము ముందు నిలిచి పదిసార్లు పలుకుడు. ఎదుటివాడు తొందరపెట్టుచున్నప్పుడు నోట తడబడకుండ రావలెను.

ఏలనగా, నేడు దొంగలు గోడకు కన్నము వేయుటలేదు; మాటలతో కన్నము వేయుచున్నారు. మా యూరిలో ఉపకారవేతనముపై జీవించు నొక పెద్దమనుష్యునకు ఫోను వచ్చెను. అవతలివాడు పోలీసు దుస్తులలో కనబడి, 'డిజిటల్ అరెస్ట్', 'వెరిఫికేషన్', 'మనీ లాండరింగ్' అను మాటలను వడగండ్లవలె కురిపించెను. గది విడిచి రారాదనెను, ఎవరితోను మాటాడరాదనెను. పాప మాయన జీవితమున పోలీసుఠాణా గడప త్రొక్కినవాడు కాడు. మాటలర్థము కాలేదు, అర్థము కానందుననే భయము హెచ్చెను. కూతురి వివాహమునకై దాచిన సొమ్ములో పెద్ద భాగమును పంపివేసెను. ఆయనకు రెండే మాటలు సరిగ తెలిసియున్నచో ఆ ధనము నిలిచియుండెడిది. 'అరెస్ట్' అనగా మనుష్యుని నిర్బంధించుట. అది ఫోనులో జరుగదు. మన చట్టమున డిజిటల్ అరెస్టు అనునదే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున స్వయముగ చెప్పిరి. 'వెరిఫికేషన్' అనగా సరిచూచుట; సరిచూచుటకు సొమ్ము పంప నక్కరలేదు. ఇట్టి మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ వార్త ఆ వారము పత్రికలన్నిటను వచ్చెను. ఆయన పత్రిక చదువువాడే. ఇంగ్లీషు మాట వచ్చినచోట కన్ను దాటించి పోవు నలవాటు మాత్రముండెను.

కావున నా విన్నపము. రేపటినుండి దినమున కొక్క వార్త నెన్నుకొనుడు. ముందు తెలుగున చదువుడు, లేదా వినుడు. పిదప ఆ వార్తనే ఇంగ్లీషు పత్రికలోనో, ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలలోనో వెదకుడు. తెలిసిన సంగతి కనుక తెలియని మాట తానై ముఖము చూపును. అయిదు మాటలు మాత్రమే యేరి, వర్గముల వారీగ నొక నోటుపుస్తకమున తెలుగు లిపితో వ్రాసికొనుడు. మాట నొంటరిగ వ్రాయక, అది వచ్చిన వాక్యమును గూడ వ్రాయుడు. సాయంకాలము రచ్చబండపై ఒకరి నొకరు అడుగుకొనుడు. ఉచ్చారణ సందేహమైనచో ఇంటనున్న మనుమని, మనుమరాలిని అడుగుడు. బాలుడు చెప్పినను మంచి మాట గ్రహింపవలెనని మన పెద్దలే చెప్పిరి. అడుగుట చిన్నతనము గాదు. పైగా ఫోనులో మునిగియుండు నా బిడ్డకు తాతగారికి గురువగు నవకాశము దొరకి, ఇంట నొక ఘడియ మాటాడుకొనుట యేర్పడును.

ఒక సంవత్సరమునకు వేయి మాటలు మించిపోవును. అన్నియు నిలువవు, నాలుగు వందలు నిలిచినను చాలును. వానితో ఇంగ్లీషున కావ్యములు వ్రాయలేము, వ్రాయనక్కరయు లేదు. బ్యాంకు కాగితము, ఆసుపత్రి చీటి, బీమా పత్రము, తుపాను హెచ్చరిక మన చేతికి వచ్చినప్పుడు, ఇందేమున్నదని వణకక, కళ్ళజోడు పెట్టుకొని నెమ్మదిగ చదువుకొనగలము. మన తాతలు జప్తు, జామీనులను నేర్చి పొలము కాపాడుకొనిరి. మనము ఈ నాలుగు వందల మాటలు నేర్చి దానిని మన బిడ్డలకు భద్రముగ నందింతము.